మోకాలు కాదు, బొక్క

నా కుడికాలి నొప్పి రెండేండ్లు ‘మోకాలు అరిగింది’ అనే మాట మీదే నడిచింది. అరిగిన కీలు నడిస్తే నొస్తది, కూసుంటే ఊరుకుంటది. నాది మోకాలి చిప్ప కిందుగా, పిక్కకు ముందుండే పెద్ద బొక్కలో, అంటే ఎముకలో, అదీ రాత్రి పడుకున్నాకే ఎక్కువ సలిపేది. ఈ తేడా నన్ను ముందెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

హన్మకొండలో ఎముకల డాక్టరు నా రెండు కాళ్లు పక్కపక్కన పెట్టించి చేతివెనక ఆనించి చూశారు. “మీరూ పట్టి చూడండి సార్” అన్నారు. కుడిది వేడిగా ఉంది, ముందుకు విల్లులా వంగింది కూడా. ఎముక నిత్యం కొంత కరుగుతూ కొంత కొత్తగా పడుతూ ఉంటుంది. నాకొచ్చిన పాజెట్ జబ్బులో ఒకటి రెండు ఎముకల్లో ఈ పని అదుపు తప్పి పరుగెత్తుతుంది. అక్కడికి రక్తం ఎక్కువ చేరుతుంది, అందుకే ఆ వేడి. కొత్తగా పడ్డ ఎముక లావుగా ఉంటుంది గానీ గట్టిగా ఉండదు. 1877లో ఇంగ్లండ్ సర్జన్ జేమ్స్ పాజెట్ వివరించిన జబ్బు ఇది. బ్రిటన్‌లో ఎక్కువ, మన దగ్గర అరుదు.

రక్తపరీక్షలో నా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (లివర్ నుంచీ బొక్కల నుంచీ రక్తంలోకి వచ్చే ఎంజైము) 612, ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ. అంతకుముందు ఇది ఎక్కువ వస్తే లివర్ మందులు రాశారు. బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, జీజీటీ అనే లివర్ పరీక్షలు బాగుండి ఇదొక్కటే పెరిగితే బొక్క వైపు చూడాల్సిందే. విటమిన్ డి తగ్గినా, మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ బొక్కలకు పాకినా కూడా ఇది పెరుగుతుంది. అందుకే విటమిన్ డి, కాల్షియం, పీఎస్‌ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) చేయించారు. ఎక్స్‌రేలో బొక్క లావెక్కి, లోపలి పోగులు ముతకగా కనిపించాయి. ఇంకెక్కడ ఉందో తేల్చడానికి ఒంట్లోని బొక్కలన్నిటినీ చూపే బోన్ స్కాన్ తీశారు.

మందు, ఎముక కరగడాన్ని తగ్గించే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, ఒకే ఒక్కసారి, నరంలోకి కనీసం 15 నిమిషాలు ఎక్కిస్తారు. మందుకన్నా దాని ముందు సిద్ధం కావడమే ముఖ్యమని నాకర్థమైంది. నా విటమిన్ డి 11 ఉండె, బాగా తక్కువ. అట్లనే ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోయి మూతి చుట్టూ, వేళ్లల్లో తిమ్మిరి, పిక్కలు పట్టేయడం రావచ్చు. అందుకని వారానికి 60,000 యూనిట్ల చొప్పున 8 వారాలు డి మింగించి, కిడ్నీ పరీక్ష చూసి, పీకాల్సిన పన్ను ముందే పీకించి, మానినాకే ఎక్కించారు. ఈ మందు పడ్డాక పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. ఆ రాత్రి చలిజ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి. పారాసిటమాల్‌తో, బాగా నీళ్లు తాగితే రెండు రోజుల్లో పోయాయి. తర్వాత రెండు వారాలు కాల్షియం 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు వేసుకున్నాను.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మూడు నెలలకు 140కి, ఆరు నెలలకు 96కి దిగింది. రాత్రి సలుపు పోయింది, వంగిన బొక్క మాత్రం తిరిగి సాపు కాదు. చెప్పులో మడమ కింద అర అంగుళం మెత్త పెట్టించాను. చేతికర్ర ఎడమచేత పడతాను, నొప్పి కాలు వైపు కాదు. ఉన్నట్టుండి నొప్పి, వాపు పెరిగితే ఆగకుండా ఎక్స్‌రే తీయించాలి: బొక్క పగిలి ఉండొచ్చు, అరుదుగా క్యాన్సర్ గడ్డ కూడా కావచ్చు. మిగతా కాలమంతా ఏడాదికోసారి ఆ ఒక్క రక్తపరీక్ష, మళ్లీ పెరిగితే మళ్లీ అదే మందు.