పదును పట్టిన ప్లేటు, ముందే చెక్కిన కొయ్య

మూతి నుంచి మందు కూరే చెకుముకి రైఫిల్ ఒకటి కడుతున్నప్పుడు, దాని లాక్ ప్లేటును, అంటే పేల్చే యంత్రభాగాలను మోసే ఉక్కు పలకను, కొయ్యలో దించడానికి నాకు మూడు వారాల సాయంకాలాలు పట్టాయి. ప్లేటు అంచుకూ కొయ్యకూ మధ్య వెంట్రుక కూడా దూరని విధంగా అది అమరిన తరువాత, దానిని విప్పి, మెరుగు పెట్టి, ఎముక బొగ్గులో పుటం పెట్టి గట్టిపరచడానికి పంపాను. నీలం, ఊదా, ఎండుగడ్డి రంగుల మచ్చలతో తిరిగి వచ్చిన ఆ ప్లేటు చూడడానికి చాలా అందంగా ఉంది, కానీ తన గుంతలో తాను పట్టలేదు. గాజుపలక మీద పెట్టి చూస్తే తోకవైపు సుమారు 0.3 మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది.

దీనిని పుటం పెట్టినవారి తప్పుగా నేను భావించను. ఇలాంటి భాగాలను సాధారణంగా 0.2 శాతం లేదా అంతకన్నా తక్కువ కార్బన్ ఉన్న మెత్తని ఉక్కుతో చేస్తారు, అటువంటి ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా చెప్పుకోదగినంత పదును పట్టదు. అందువల్ల ఎముక బొగ్గు, తోలు బొగ్గు నింపిన పెట్టెలో భాగాన్ని మూసిపెట్టి, చాలాసేపు కాల్చి, కార్బన్ పైపొరలోకి ఇంకేలా చేస్తారు. ఇంకే లోతు కాలపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది: 925 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గంటలో సుమారు 0.6 మిల్లీమీటర్లు దిగితే, దానికి రెట్టింపు దిగడానికి నాలుగు గంటలు పడుతుంది. రంగులు రావడం కోసం చేసే పుటంలో వేడి ఇంతకన్నా తక్కువగా ఉంచుతారు కాబట్టి పొర మరింత పలచగా వస్తుంది. ఆ తరువాత నీళ్లలో ఒక్కసారిగా చల్లార్చినప్పుడు, కార్బన్ పట్టిన పైపొర గట్టిపడుతూ కొద్దిగా ఉబ్బుతుంది, లోపలి మెత్తని ఉక్కు ఆ మేరకు ఉబ్బదు. పైగా లాక్ ప్లేటు ఒకచోట మందంగా, మరొకచోట పలచగా, పొడవుగా ఉంటుంది, పలచని భాగం ముందుగా చల్లారుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు ప్లేటును మందమైన ఇనుప దిమ్మెకు బిగించి మరీ పుటంలో పెడతారు. దానివల్ల వంపు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

వంగిన ప్లేటు చేతిలో ఉన్నప్పుడు మొదట మనసుకు తోచేది దానిని మరలతో బిగించి లోపలికి లాగేయడం. నేనూ అదే చేయబోయాను. బిగిస్తే ప్లేటు నిజంగానే లోపలికి వెళుతుంది, బయటి నుంచి చూస్తే లోపమేమీ కనిపించదు. అయితే సుత్తితో పాటు తిరిగే టంబ్లర్ అనే భాగం, ప్లేటుకూ, దానిని లోపలివైపు నుంచి పట్టి ఉంచే బ్రిడిల్ అనే చిన్న పట్టీకీ మధ్య చాలా తక్కువ సందులో తిరుగుతుంది. ప్లేటును బలవంతంగా వంచితే ఆ సందు ఒకవైపు మూసుకుపోతుంది. చేతిలో పట్టుకున్నప్పుడు చురుగ్గా పడే సుత్తి, కొయ్యలో బిగించగానే బరువుగా కదలడం నేను గమనించాను. ఇటువంటి స్థితిలో కొయ్య ఎక్కడో లోపలి భాగాలకు తగులుతోందా, లేక ప్లేటే వంగుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. మరలను పావు చుట్టు వదులు చేయగానే సుత్తి తేలికపడితే ఈ రెండింటిలో ఒకటి జరుగుతోందని అర్థం. లోపలి భాగాలకు మసి పూసి, బిగించి, విప్పి చూసినప్పుడు గుంతలో వాటి ఎదురుగా ఎక్కడా నలుపు అంటకపోతే, దోషం ప్లేటు వంపులోనే ఉంది.

ఆకురాయితో సరిచేయడం ఇక కుదరదు. గట్టిపడిన పొర మీద ఆకురాయి గాజు మీద జారినట్లు జారుతుంది, దాని పళ్లే అరిగిపోతాయి. రాపిడి చక్రంతో అరగదీస్తే రంగులు పోతాయి, ఎందుకంటే అవి లోహంపై ఏర్పడిన అతి పలచని ఆక్సైడు పొర మాత్రమే. చల్లగా ఉన్నప్పుడు సుత్తితో కొట్టి వంపు తీయబోతే పెళుసైన పైపొర చిట్లుతుంది. మళ్లీ ఎర్రగా కాల్చి బూడిదలో నెమ్మదిగా చల్లార్చి మెత్తపరచడం సాధ్యమే, ఇంకిన కార్బన్ కూడా అందులోనే ఉంటుంది, కానీ రంగులు పోతాయి, రెండోసారి ముంచినప్పుడు అది ఎటు వంగుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి నేను కొయ్యనే మార్చాలని నిర్ణయించుకున్నాను. గట్టిపడిన లోహాన్ని అంతిమ రూపంగా అంగీకరించి, కొయ్యను దానికి అనుగుణంగా సవరించడమే సరైన పద్ధతి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పని మాత్రం నిదానంగా సాగింది. ప్లేటు లోపలి వైపున దీపపు మసిని నూనెలో కలిపి పలచగా పూసి, గుంతలో నిటారుగా నొక్కి, వంగకుండా పైకి తీసి, నలుపు అంటిన చోట మాత్రమే పదునైన ఉలితో గీరాలి. ఒక్కోసారి తీసేది కాగితం మందం కూడా ఉండదు. లాక్ ప్లేటు విషయంలో మరొక పరిమితి ఉంది: దాని మందమైన భాగం గొట్టం పక్క ముఖాన్ని ఆనుకుని ఉండాలి, లేకపోతే మందు గిన్నెకూ గొట్టానికీ మధ్య సందు ఏర్పడి అందులోకి మందు జారుతుంది. కాబట్టి ప్లేటును మరింత లోతుకు దించి అంచు సందును మూసే అవకాశం లేదు. తోక దగ్గర కొయ్య అడుగును ప్లేటు వంపుకు తగినట్లు మలిచి, పైకి తేలిన అంచు దగ్గర చుట్టూ ఉన్న కొయ్యను దానికి సమంగా వదిలాను. నేను కొయ్య పైభాగాన్ని ముందుగానే తుది మట్టానికి చెక్కి ఉంటే ఈ అవకాశం కూడా ఉండేది కాదు.

ట్రిగ్గర్ గార్డు, గొట్టం తోకపట్టీ, పక్కపలక వంటి వాటికి ఈ ఇబ్బంది తక్కువ. వాటి అంచులను మెత్తగా ఉన్నప్పుడే రెండు మూడు డిగ్రీల వాలుతో ఆకురాయి పట్టి, గుంతను తుది లోతుకు కొద్దిగా తక్కువగా ఉంచితే, గట్టిపడి వచ్చిన తరువాత వాటిని మరికొంత దించినప్పుడు ఆ వాలు కారణంగా అంచు బిగుతుగా కూర్చుంటుంది. రంధ్రాల విషయం వేరు. అవి ఒక్క పిసరు జరిగినా మర ఎక్కదు, సాధారణ బర్మా ఆ పొరను కోయలేదు. మరచుట్లు ఉన్న రంధ్రాలను పుటానికి ముందు బంకమట్టితో మూయించడం మంచిది.

టంబ్లర్ గాడి, అందులో దిగి సుత్తిని నిలిపి ఉంచే సియర్ అనే మీట కొన మీద మాత్రం ఎంతో జాగ్రత్త అవసరం. వాటిని సన్నని నూనెరాయితో, ఉన్న కోణం మారకుండా, మెరుపు వచ్చేంతవరకు మాత్రమే రుద్దాలి. పలచని పొర దాటి మెత్తని ఉక్కు బయటపడితే గాడి త్వరగా అరిగి, సగం ఎక్కించిన సుత్తి నిలవకుండా పోవచ్చు. మందు కూరిన రైఫిల్‌లో అది ప్రాణాపాయం. అటువంటి భాగాన్ని సర్దుబాటు చేయకుండా మళ్లీ పుటం పెట్టించాలి, లేదా కొత్తది వేయాలి. చెకుముకి రాయి తగిలే ఫ్రిజ్జన్ ముఖానిదీ ఇదే సంగతి. రాయి గీరిన సన్నని ఉక్కు రేణువులే నిప్పురవ్వలు, పొర అరిగితే అవి ఎర్రగా, బలహీనంగా వచ్చి, చివరికి రావడం మానేస్తాయి.

నా ప్లేటుకు మళ్లీ అమరిక కుదిరేసరికి తొమ్మిది సాయంకాలాలు గడిచాయి. కొత్తగా గీరిన కొయ్య తేమ పీల్చకుండా నూనె పట్టించి, ఆరిన తరువాత మరలను రెండు వేళ్ల బలంతోనే బిగించాను. ఆ తరువాత, గొట్టం ఖాళీగా ఉందని మరోసారి చూసుకుని, సుత్తిని నెమ్మదిగా వెనక్కు లాగితే, సగంలో ఒకసారి, పూర్తిగా లాగినప్పుడు మరొకసారి వినిపించిన శబ్దాలు లాక్ చేతిలో ఉన్నప్పుడు వినిపించినంత స్పష్టంగానే ఉన్నాయి.