అవ్వ చెప్పిన సరిహద్దు

నల్లమల అడవిలోని మన్ననూరులో చాయ్ తాగి బయల్దేరేసరికి ఎనిమిదైంది. ఆదివాసీ హక్కుల కోసం ఏళ్లుగా ఈ పెంటలు, అంటే చెంచుల గూడేలు, తిరుగుతున్న అన్న (సొంత అన్న కాదు, అందరూ అలాగే పిలుస్తారు) జీపులో ముందు కూర్చున్నాడు. మైకులు, జెండాలు ఉంటాయనుకుని వెళ్లాను. ఆయన సంచిలో ఉన్నవి ఖాళీ ఫారాలు, ఇంకుప్యాడు, జీపీఎస్ మిషను.

నల్లమల అంటే నాకు 2019 గుర్తు. యురేనియం సర్వే వద్దంటూ ఫోన్‌లో ప్రొఫైల్ ఫొటో మార్చాను. సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది, నేను మర్చిపోయాను. అన్న మర్చిపోలేదు.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి నాలుగు హెక్టార్ల దాకా పట్టా ఇవ్వాలి. తేనె, గడ్డలు, వేట మీద బతికిన చెంచు దున్నిన చాలు ఎక్కడని చూపిస్తాడు? అందుకే అన్న పట్టుదలంతా సామూహిక హక్కుల మీద, అంటే అడవి మీద పెంటంతటికీ కలిపి ఉండే హక్కుల మీద. రుజువుకు ప్రభుత్వ కాగితాలే ఉండాలని లేదు. పాత బావి, శ్మశానం, దేవుడి చోటు, పెద్దల వాంగ్మూలం కూడా చెల్లుతాయి. ఒకటికి మించి ఉండాలి, అంతే.

పెంటలో ఒక అవ్వ మా ముందు నడిచింది. చెప్పులేసుకున్న నేనే ముళ్లకు కుంటాను, ఆమె కాదు. ఓ పెద్ద చెట్టు కింద రాళ్ల కుప్ప దగ్గర ఆగింది.

"గిది మా అవ్వ బొంద."

"ఎన్నేండ్లైంది?" అన్నాను.

"నాకేమెర్క నాయినా. పూడ్చినప్పుడు గీ చెట్టు నా మోకాలంత."

చేతులు చాచి చుట్టబోతే మాను నా కౌగిలికి అందలేదు. అన్న ఒక్క మాట దిద్దకుండా ఆమె చెప్పిందే రాసుకున్నాడు, రాళ్ల మీద మిషను పెట్టి అంకెలు ఎక్కించాడు.

సాయంత్రం గుడిసె ముందు రాసిందంతా చదివి వినిపించాడు. తేనె తీసే కొండ చరియ దగ్గరికొచ్చేసరికి అవ్వ ఆపింది.

"తాడు పట్టేటోన్ని రాయలే."

చరియకు వేలాడేవాడి తాడు పైన పట్టుకునేది బామ్మర్దేనట, సొంత తమ్ముడు కాదు. ఎందుకని అడిగితే నవ్వింది.

"తాడు ఇడిస్తె అక్క మెడల తాడు తెగుతది గద!"

వేలిముద్ర వేయించేముందు అన్న ఫారమంతా వెతికాడు. దానికి గడి లేదు. మార్జిన్‌లో రాశాడు.