అడిగే ధర, తెగే ధర: ఒక పాత రివాల్వర్ కోసం ఏడాదిన్నర

నేను మొదట కొన్న పాత రివాల్వర్‌కు 750 డాలర్లు పెట్టాను. మళ్లీ అమ్మితే చేతికి వచ్చింది 380. ఆ తేడా ఎక్కడ పుట్టిందో అర్థం చేసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నర గురించే ఇది.

టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఉంటున్నాను. వచ్చిన కొత్తలో హెచ్1బి వీసా మీద ఉండేవాణ్ణి. ఆ వీసా మీద ఉన్నవారు వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు వర్తిస్తే తప్ప తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. మనవాళ్లు కొందరు స్నేహితులతో సరదాగా గన్ షోకు వెళ్లి, నచ్చింది కదా అని బేరం మొదలుపెడతారు. అందుకే ఈ మాట ముందే చెబుతున్నాను. నేను గ్రీన్ కార్డు వచ్చాకే ఆ గడప తొక్కాను. ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి ఇనప్పెట్టె ముందు కొన్నాను, రివాల్వర్ తరువాత.

పాత రివాల్వర్లే ఎందుకు అని చాలామంది అడిగారు. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. బడి అయిపోగానే అక్కడికే వెళ్లి, ఇనప రజను మధ్య కూర్చుని హోంవర్కు చేసుకునేవాణ్ణి. బాగా తిప్పిన ముక్కకు, తొందరలో తిప్పిన ముక్కకు తేడా ఆ వయసులోనే కంటికి పట్టింది. 1950లలో అమెరికన్ కంపెనీ స్మిత్ అండ్ వెసన్ చేసిన రివాల్వర్‌ను పక్కకు తిప్పి చూస్తే, లోపలి యంత్రాన్ని మూసే పలక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వెంటనే దొరకదు. వెంట్రుక వాసి సందు కూడా కనబడకుండా రెండు ఉక్కు ముక్కలను కూర్చారు. అలాంటి పని ఒక్కటైనా నా దగ్గర ఉండాలనిపించింది.

గన్ షో అంటే తుపాకుల సంత. నేను మొదట వెళ్లింది ఫోర్ట్ వర్త్‌లోని విల్ రోజర్స్ మెమోరియల్ సెంటర్‌లో జరిగినదానికి. ద్వారం దగ్గర ఎవరైనా తమ తుపాకీ తెస్తే, ఖాళీగా ఉందో లేదో చూసి ప్లాస్టిక్ పట్టీ బిగిస్తారు. లోపల వరుసలు వరుసలుగా బల్లలు. చాలా బల్లల మీద కొత్త పిస్టళ్లు, తూటాల పెట్టెలు, కత్తులు, చివరికి మాంసం ఒరుగుల పొట్లాలు కూడా ఉంటాయి. పాత సరుకు వాటి మధ్య అక్కడక్కడా దొరుకుతుంది. గుడ్డ పరిచి, ఒక్కో రివాల్వర్ పక్కన చేతిరాతతో చిన్న కార్డు పెట్టి, వెనక కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడంటే అది సేకరించేవారి బల్ల.

నేను మోసపోయింది అలాంటి బల్ల దగ్గరే. నిజానికి ఆ అమ్మిన మనిషి అబద్ధం ఏమీ చెప్పలేదు. "చూడండి, ఎంత అందంగా ఉందో" అన్నాడు, అంతే. అద్దంలా మెరుస్తున్న స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 రివాల్వర్ అది. ఆయన లైసెన్సు ఉన్న డీలరు కాబట్టి తుపాకీ కొనేవారు నింపాల్సిన 4473 ఫారం నింపాను. నేపథ్య తనిఖీ నిమిషాల్లో పూర్తయింది. సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను.

రెండు వారాల తరువాత, ముప్ఫై ఏళ్లుగా స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లు సేకరిస్తున్న ఒక పెద్దమనిషికి చూపించాను. ఆయన దాన్ని కిటికీ వెలుగులో ఒకసారి అటూ ఇటూ వంచి, "ఇది మళ్లీ నీలం పెట్టించినది" అన్నారు. ఎలా తెలిసిందని అడిగితే మొదట హ్యామర్, అంటే వెనక సుత్తిలా ఉండి తూటాను పేల్చే ముక్క, చూపించారు. ఆ కంపెనీ హ్యామర్‌ను, ట్రిగ్గర్‌ను నీలం చేయదు. వాటికి వేరే పద్ధతిలో గట్టిదనం పెట్టడం వల్ల బూడిద, గోధుమ, నీలి చారలు కలిసిన రంగు వస్తుంది. నా దాని హ్యామర్ మొత్తం నల్లగా ఉంది. తరువాత బ్యారెల్ మీది అక్షరాలు చూపించారు. నీటిలో నానిన కాగితం మీది సిరాలా అంచులు చెదిరి ఉన్నాయి. పిడి అడుగున చిన్న నక్షత్రం గుర్తు ఉందేమో వెతికారు. కంపెనీకి తిరిగి వెళ్లి బాగుచేయించుకున్న వాటి మీద అలాంటి గుర్తు ఉంటుంది. అది ఉంటే కొంత నయం. నా దాని మీద లేదు.

ఈ నీలం పెట్టడాన్ని బ్లూయింగ్ అంటారు. చాలామంది దాన్ని రంగు అనుకుంటారు. అది పైన పూసినది కాదు, ఉక్కు పైపొరే మారి ఏర్పడే పలుచని పొర. దాని కింద పాలిష్ ఎలా ఉంటే అది అలాగే కనిపిస్తుంది. కొత్తగా నీలం పెట్టాలంటే పాతదాన్ని తీసేసి, తుప్పు గుంటలు పోయేదాకా బఫింగ్ చేయాలి, అంటే తిరిగే మెత్తని చక్రం మీద రుద్దాలి. దాంతో కంపెనీ పెట్టిన గీతలు, అంచులు కూడా పోతాయి. అందుకే సేకరించేవారికి అరిగి వెలిసిన అసలు నీలం, మెరిసే కొత్త నీలం కన్నా విలువైనది.

ఆ తరువాత ఆరు షోలకు ఏమీ కొనకుండా తిరిగాను. జేబులో చిన్న నోటుపుస్తకం. ఏ బల్ల మీద ఏ మోడల్, బ్యారెల్ ఎన్ని అంగుళాలు, ఎంత నీలం మిగిలింది, కార్డు మీద ధర ఎంత అని శనివారం రాసుకునేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వెళ్లి ఏవి పోయాయో, ఏవి అక్కడే ఉన్నాయో చూసేవాణ్ణి. ఈ పని నాకు నేర్పినంత ఏ ధరల పుస్తకమూ నేర్పలేదు. ఒకే రివాల్వర్‌ను అదే కార్డుతో మూడు షోలలో చూశాను. ఆ కార్డు మీదిది అడిగే ధర. తెగే ధర వేరే ఉంటుంది. అది కావాలంటే గన్‌బ్రోకర్ లాంటి వేలం సైట్లలో ముగిసిన వేలాలనే చూడాలి. అందులోనూ ఎవరూ పాడకుండా ముగిసినవి పక్కన పెట్టాలి. ఒకే మోడల్‌కు పది పన్నెండు అమ్మకాలు చూశాక ఒక పరిధి తేలుతుంది. ఒక్క పెద్ద అంకె పట్టుకుని "ఇంత పలుకుతోంది" అని చెప్పే అమ్మకందారులు ప్రతి షోలోనూ తగిలారు. బహుశా ఆ వేలంలో ఇద్దరు పంతం పట్టి ఉంటారు.

పెట్టె సంగతి కూడా అప్పుడే తెలిసింది. కంపెనీ అట్టపెట్టెతో సహా ఉంటే ధర బాగా పెరుగుతుంది. కానీ పెట్టె మీద రాసిన నంబరు రివాల్వర్ నంబరుతో కలవాలి. కలవకపోతే అది వేరే రివాల్వర్ పెట్టె, అంతే.

కోల్ట్ పైథాన్ జోలికి నేను పోలేదు. 1955లో వచ్చిన ఆ రివాల్వర్‌ను కంపెనీ మధ్యలో ఆపేసి 2020లో మళ్లీ మొదలుపెట్టింది. పాతవాటికి అడిగే ధరలు నా జీతానికి తగినవి కావు.

ఒక షోలో ఒక విక్టరీ మోడల్ దాదాపు కొనేశాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్మిత్ అండ్ వెసన్ సైన్యాల కోసం చేసినవి అవి, నంబరు ముందు వి అక్షరం ఉంటుంది. కార్డు మీద "అసలుది" అని రాసి ఉంది. బ్రిటన్‌కు, కామన్‌వెల్త్ దేశాలకు వెళ్లినవి 5 అంగుళాల బ్యారెల్‌తో, .38 ఎస్ అండ్ డబ్ల్యూ తూటాకు చేసినవి. యుద్ధం తరువాత వాటిలో చాలావాటిని తిరిగి అమెరికా తెచ్చి, బ్యారెల్ కోసి, కొంచెం సన్నగా, పొడవుగా ఉండే .38 స్పెషల్ తూటాకు సిలిండర్‌లో తూటాలు పట్టే గదులను లోతు చేసి అమ్మారు. ఆ గది మొదటినుంచీ వెడల్పైనదే కాబట్టి పేల్చినప్పుడు తూటా ఇత్తడి తొడుగు ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. నేను చూసినదాని బ్యారెల్ రెండు అంగుళాలు కూడా లేదు. పైన బ్రిటిష్ పరీక్ష ముద్రలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆ మాటే మెల్లగా అడిగితే, బల్ల వెనక మనిషి కార్డు తిరగేసి పెట్టాడు. ఏడాది క్రితమైతే నేను ఆ ముద్రలు చూసి మురిసిపోయి కొనేవాణ్ణి.

ఆ వేసవిలో నాన్న వచ్చారు. ఒక ఆదివారం ఆయన్ను ఫోర్ట్ వర్త్ తీసుకెళ్లాను. పర్యాటక వీసా మీద వచ్చినవారు తుపాకీ చేతబట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం చిక్కు తెచ్చే పని అని ముందే చెప్పాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, బల్ల బల్లకూ వంగి చూస్తూ నడిచారు. ఒక చోట మిసమిసలాడుతున్న రివాల్వర్ దగ్గర నేను ఆగాను. నాకు అన్నీ సరిగ్గానే కనిపించాయి. హ్యామర్ చారల రంగులోనే ఉంది.

"స్క్రూ చుట్టూ చూడు" అన్నారు నాన్న తెలుగులో. "ఆ రంధ్రం అంచు గుంట పడింది. బఫింగ్ చక్రం మెత్తగా ఉంటుంది నాన్నా, చదునుగా ఉన్నచోట బాగానే పోతుంది, రంధ్రం దగ్గరికి రాగానే లోపలికి దిగి అంచు తినేస్తుంది. కొత్తగా చేసినప్పుడు స్క్రూ బిగించి, పలకతో కలిపి పాలిష్ పెడతారు. అప్పుడు గుంట పడదు." తరువాత స్క్రూ గాడి చూపించారు. "దీన్ని ఎవరో వెడల్పు చాలని స్క్రూడ్రైవర్‌తో తిప్పారు. గాడి నలిగింది. ఆ చెయ్యి లోపల ఇంకేం చేసిందో?"

దాని ధర 900 డాలర్లు. హ్యామర్‌ను, ట్రిగ్గర్‌ను విప్పి పక్కన పెట్టి మిగతాదంతా నీలం చేశారన్నమాట. ఏడాదిగా నేను అంతర్జాలంలో చదివిన ఒక్క వ్యాసంలోనూ స్క్రూ చుట్టూ గుంట ఎందుకు పడుతుందో ఇంత సూటిగా లేదు.

నాన్న తిరిగి వెళ్లాక నేను సేకరణదారుల లైసెన్సు తీసుకున్నాను. దరఖాస్తు ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కు వెళ్తుంది. రుసుము 30 డాలర్లు, మూడేళ్లు చెల్లుతుంది. 50 ఏళ్లు దాటిన తుపాకులను సేకరణ వస్తువులుగా లెక్కిస్తారు కాబట్టి వాటిని పక్క రాష్ట్రంలోనూ నేరుగా కొనవచ్చు. అది లేకపోతే వేరే రాష్ట్రంలో కొన్న పిస్టల్‌ను గానీ రివాల్వర్‌ను గానీ మన రాష్ట్రంలోని డీలరుకు పంపించి, అక్కడ తీసుకోవాలి. బదులుగా ప్రతి కొనుగోలూ ఒక రిజిస్టరులో రాయాలి. వ్యాపారానికి మాత్రం ఈ లైసెన్సు పనికిరాదు.

నవంబరులో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాకు కారులో వెళ్లాను, నాలుగు గంటల దారి. వానెన్‌మాకర్ ఆర్మ్స్ షో అక్కడ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. నాలుగు వేలకు పైగా బల్లలు. ఒక్క రోజులో చూడటం కాని పని. నేను కొత్త సరుకు ఉన్న వరుసలన్నీ వదిలేసి, గుడ్డ పరిచిన బల్లల దగ్గరే ఆగాను.

శనివారం ఉదయం పది గంటల ప్రాంతంలో అది కనిపించింది. స్మిత్ అండ్ వెసన్ మిలిటరీ అండ్ పోలీస్, 4 అంగుళాల బ్యారెల్, నంబరు ముందు సి అక్షరం. ఆ వరుస 1948లో మొదలైంది. పక్క పలక పైమూలన ఉండే స్క్రూను కంపెనీ 1955 ప్రాంతంలో తీసేసింది. దీనికి ఆ స్క్రూ ఉంది. కాబట్టి ఈ రెండు సంవత్సరాల మధ్యదే అయి ఉండాలి. 1957లో మోడల్ నంబర్లు వచ్చాక దీనికే మోడల్ 10 అని పేరు. బ్యారెల్ కొన దగ్గర, సిలిండర్ అంచుల మీద నీలం వెలిసి ఉక్కు తెల్లగా కనిపిస్తోంది. తోలు ఒరలో ఏళ్ల తరబడి దూర్చి తీసిన అరుగుదల అది. కార్డు మీద 675.

అనుమతి అడిగి చేతిలోకి తీసుకున్నాను. సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీయేనని ముందు చూశాను. సినిమాల్లోలా సిలిండర్‌ను విసిరి మూస్తే దాన్ని మోసే ఇరుసు వంగుతుంది, అమ్మేవారి ముఖం మారిపోతుంది. చేత్తో నెమ్మదిగా మూయాలి. హ్యామర్‌ను మెల్లగా వెనక్కి లాగుతూ, అది పూర్తిగా నిలిచేలోపే సిలిండర్ తాళం పడుతోందో లేదో ఆరు గదులకూ విడివిడిగా చూశాను. పడింది. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు కొలిచే పలుచని రేకు, ఫీలర్ గేజ్ పెట్టాను. అంగుళంలో వెయ్యో వంతును లేత్ పనివాళ్లు థౌ అంటారు. ఆరు థౌ ఉంది, మంచి కొలతే. పిడి అడుగున, సిలిండర్ వెనక, బ్యారెల్ కింద నంబర్లు మూడూ కలిశాయి. పెద్దాయన అడగకుండానే కర్ర పిడి విప్పి చూపించారు. కుడి చెక్క లోపలి వైపు కూడా అదే నంబరు.

ఫొటో తీసుకోవచ్చా అని అడిగి, స్క్రూలను దగ్గరగా తీసి నాన్నకు పంపాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. రెండు నిమిషాల్లో ఫోను వచ్చింది. "అంచులు ఉన్నాయిరా. గాడులు కూడా నలగలేదు. దీన్ని ఎవరూ విప్పలేదు."

నా నోటుపుస్తకం ప్రకారం ఇలాంటివి 500 నుంచి 600 మధ్య తెగుతున్నాయి. ఆ పేజీ పెద్దాయనకే చూపించాను. దాచి బేరం ఆడటం నాకు నచ్చలేదు. ఆయన పేజీలు తిప్పి చాలాసేపు చదివారు. 540 అన్నాను. 575 అన్నారు. 560 దగ్గర బేరం తెగింది. లైసెన్సు నకలు ఇచ్చి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్‌కు రాసి, రుసుము కట్టి చరిత్ర లేఖ తెప్పించుకున్నాను. 1951లో స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారం నుంచి ఒక హార్డ్‌వేర్ టోకు వ్యాపారికి వెళ్లిందట. ఆ తరువాత ఎవరి ఒరలో తిరిగిందో అందులో ఉండదు.

సంక్రాంతికి ఊరు వెళ్లి వచ్చిన మా బావమరిది చేతికి నాన్న ఒక చిన్న పొట్లం ఇచ్చి పంపారు. నేను పంపిన కొలతల ప్రకారం, మొన సరిగ్గా ఆ గాడిలో కూర్చునేలా ఆయనే చక్రం మీద అరగదీసిన స్క్రూడ్రైవర్. అది ఇనప్పెట్టెలో రివాల్వర్ పక్కనే ఉంది. ఇంతవరకు ఆ స్క్రూల మీద పెట్టలేదు.