మార్సీ గొంతు, బ్రాడ్‌వే పల్లవి

బ్రూక్లిన్‌లోని మార్సీ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగిన అమెరికన్ రాపర్ జే-జీ, వీధిని విడిచిపెట్టకుండానే దేశమంతటికీ వినిపించడం ఎలాగో 1998లో వచ్చిన తన మూడవ ఆల్బమ్ ‘వాల్యూమ్ 2... హార్డ్ నాక్ లైఫ్’లో చూపించాడు. శీర్షిక గీతం కోసం సంగీత నిర్మాత 45 కింగ్ ఎంచుకున్నది ‘ఆనీ’ అనే బ్రాడ్‌వే సంగీత నాటకంలో అనాథ బాలికలు పాడే పల్లవి. ఆ పసి గొంతుల వెంట బరువైన డ్రమ్ములు మోగుతుండగా, మాదకద్రవ్యాల వ్యాపారం నడుమ గడిచిన యౌవనాన్ని అతడు ఏ మాత్రం మెత్తబరచకుండా చెబుతాడు. రేడియో శ్రోతలకు ఆ పల్లవి పరిచయమే, మార్సీ వాసులకు ఆ కష్టం పరిచయమే. ఇద్దరినీ ఒకే పాటలో కూర్చోబెట్టగలగడాన్ని నేను అపురూపమైన ప్రతిభగా భావిస్తాను.

1996 నాటి తొలి ఆల్బమ్ ‘రీజనబుల్ డౌట్’లోని ఆత్మపరిశీలన ఇక్కడ పలుచబడిందన్నది నిజమే, సంగీత నిర్మాతలు టింబలాండ్, స్విజ్ బీట్జ్ అందించిన వేగవంతమైన బాణీలు కొన్నిచోట్ల మాటలను మించిపోతాయి కూడా. అయినా ఈ ఆల్బమ్ అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను కొలిచే బిల్‌బోర్డ్ 200 పట్టికలో ఐదు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. 1999లో దీనికి ఉత్తమ రాప్ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం వచ్చినప్పుడు, సహచర రాపర్ డీఎంఎక్స్‌కు నామినేషన్ దక్కకపోవడాన్ని నిరసిస్తూ జే-జీ ఆ వేడుకకు వెళ్లలేదు. అతని మీద నా గౌరవాన్ని అమ్మకాల కంటే ఎక్కువగా పెంచినది ఆ నిర్ణయమే.