‘డేటా కరప్ట్ అయింది మేడమ్’ అన్నారు, పదిహేనేళ్ల మెయిళ్లు తిరిగి తెచ్చుకున్నాను

నిన్న రాత్రి పదకొండున్నరకి నా మెయిళ్లన్నీ మళ్లీ కళ్లబడ్డాయి. 2011 నుంచి ఉన్నవి. నాలుగు రోజులుగా తిండి సయించలేదు, కంటి మీద కునుకు లేదు. అంతా గుర్తున్నప్పుడే రాసిపెడితే ఇదే ఇబ్బందిలో ఉన్న ఇంకొకరికి పనికొస్తుందని కూర్చున్నాను.

నేను విజయవాడలో ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. పుస్తకాలు కంపోజ్ చేయడం, ప్రూఫులు పంపడం, దిద్దుబాట్లు చేసి ప్రెస్సుకి పీడీఎఫ్ ఇవ్వడం. ఇప్పటికి మూడు వందలకు పైగా పుస్తకాలు నా చేతి మీదుగా వెళ్లాయి. రచయితల రాతప్రతులు, దిద్దుబాట్లు, చివరి నిమిషంలో మార్చిన అంకితం పేజీలు అన్నీ మెయిల్లోనే వస్తాయి. నాది జీమెయిల్ కాదు, సొంత డొమైన్ మీద పెట్టుకున్న మెయిల్. హోస్టింగ్ వాళ్లు దానికి ఇచ్చింది 1 జీబీ. స్కాన్ చేసిన రాతప్రతులు వరసగా వస్తే నెల తిరక్కుండానే నిండిపోతుంది. అందుకే మొదటి నుంచీ థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం పెట్టుకుని, పాప్ పద్ధతిలో మెయిళ్లు నా కంప్యూటర్‌లోకి దించుకుంటున్నాను. దించుకున్న 14 రోజులకి సర్వర్ మీద కాపీ పోతుంది. ఆ తర్వాత నా హార్డ్ డిస్క్‌లో ఉన్నదే అసలు కాపీ. ఈ ఒక్క ముక్క ఈ నాలుగు రోజుల్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

కిందటి వారం కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ నీలం తెర వచ్చి ఆగిపోవడం మొదలైంది. మా వీధి చివర సర్వీస్ షాపులో ఇచ్చాను. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి సి డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ 11 వేస్తామన్నారు. డేటా మొత్తం కాపీ తీయమని రెండుసార్లు చెప్పాను. ‘అంతా తీశాం మేడమ్’ అన్నారు. ఏడు వందలు తీసుకున్నారు. తెలుగు టైప్ చేసే ‘అను’ ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ నేనే ఇంటికొచ్చి వేసుకున్నాను, గంటలో అయిపోయింది.

థండర్‌బర్డ్ కూడా వాళ్లే వేసిచ్చారు. తెరిస్తే కొత్త అకౌంట్ పెట్టమని అడుగుతోంది. ఖాళీ. వాళ్లు తీసిన కాపీలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఉన్నాయి, మెయిళ్లు లేవు. థండర్‌బర్డ్ మెయిళ్లు యాప్‌డేటా అనే ఫోల్డర్లో, అందులో రోమింగ్ అనే ఫోల్డర్లో ఉంటాయి. విండోస్ దాన్ని దాచిపెడుతుంది, మామూలుగా చూస్తే కనపడదు. మనకి తెలియకపోతే తప్పులేదు. రోజుకి పది కంప్యూటర్లు ఫార్మాట్ చేసేవాళ్లకి తెలియకపోతే మాత్రం తప్పే. ఫార్మాట్ చేసే ముందు ‘మీరు మెయిల్ ఎందులో చూస్తారు’ అని ఒక్క మాట అడగాలి. అది వాళ్ల బాధ్యత.

నా అదృష్టం, సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చినప్పుడు ఆ ఫోల్డర్‌ని జిప్ చేసి నా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పెట్టి వెళ్లాడు. ‘అత్తా, ఇది ముట్టుకోకు, ఎప్పటికైనా పనికొస్తుంది’ అన్నాడు. ఆ డిస్క్ పట్టుకుని మళ్లీ షాపుకి వెళ్లాను. చేసిన తప్పు అదే, ఇంట్లో కూర్చుని ప్రయత్నించాల్సింది.

షాపులో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఆ కుర్రాడు జిప్ తెరిచి, లోపలి ఫోల్డర్ ఒకటి తీసి కొత్త థండర్‌బర్డ్ ఫోల్డర్ పక్కన పడేశాడు. ప్రోగ్రాం తెరిస్తే మళ్లీ ఖాళీ. అప్పుడు పాత ఫోల్డర్లోకి వెళ్లి ‘ఇన్‌బాక్స్ డాట్ ఎంఎస్‌ఎఫ్’ అన్న ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. తెర నిండా బ్రాకెట్లు, డాలర్ గుర్తులు, అంకెలు. మానిటర్ నా వైపు తిప్పి, ‘చూడండి మేడమ్, అన్నీ చెత్త క్యారెక్టర్లే. డేటా కరప్ట్ అయింది’ అన్నాడు. దాని పక్కనే, చుక్క తర్వాత ఏ ఎక్స్‌టెన్షనూ లేకుండా ఉత్త ‘ఇన్‌బాక్స్’ అని ఇంకో ఫైల్ ఉంది కదా, అది చూడమన్నాను. ‘ఎక్స్‌టెన్షన్ లేదంటేనే పాడైన ఫైల్ అని మేడమ్. మీకు అర్థం కాదులెండి. అయినా ఈ రోజుల్లో థండర్‌బర్డ్ ఎవరు వాడుతున్నారండీ, అందరికీ జీమెయిలే’ అన్నాడు. పక్కన నిలబడ్డ అబ్బాయి నవ్వాడు. ‘చూసినందుకు’ ఐదు వందలు అడిగితే ఇచ్చి బయటికొచ్చాను.

ఆ కుర్రాడు పుట్టకముందు నుంచి నేను కంప్యూటర్ మీద పని చేస్తున్నాను. నలుగురిలో ‘మీకు అర్థం కాదులెండి’ అనిపించుకుని, బదులు చెప్పలేక, ఆటో ఎక్కి ఇంటికి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది. అంతకంటే బాధ ఏంటంటే, ఆ రాత్రి నేను అతని మాట నమ్మాను. పోయాయనే అనుకున్నాను. ఉగాదికి విడుదల కావాల్సిన కథల పుస్తకం చేతిలో ఉంది. దాని పాత దిద్దుబాట్లన్నీ అందులోనే ఉన్నాయి.

తెల్లవారుజామున లేచి డిస్క్ పెట్టి ఆ ఫోల్డర్ మళ్లీ చూశాను. ఈసారి సైజులు చూశాను. ఎంఎస్‌ఎఫ్ ఫైల్ 11 ఎంబీ. పక్కన ఎక్స్‌టెన్షన్ లేని ఇన్‌బాక్స్ 4.6 జీబీ. మెయిళ్లు ఉంటే ఇంత బరువున్న దాంట్లోనే ఉండాలి కదా అనిపించింది. అంత పెద్ద ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరుచుకోదు. ‘ఇన్‌బాక్స్ డాట్ ఎస్‌బీడీ’ అనే ఫోల్డర్లో నేను రచయితల వారీగా పెట్టుకున్న చిన్న ఫైళ్లున్నాయి. అందులో అన్నిటికంటే చిన్నది తెరిచాను. మొదటి లైన్లో ‘ఫ్రమ్’ అని ఉండి, పక్కన తేదీ ఉంది. కింద పంపినవారి అడ్రస్ ఉంది. సబ్జెక్ట్ దగ్గర మాత్రం అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలు. కానీ ఆ అక్షరాల్లో ‘4 ఎల్ సి’ అన్న మూడూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మధ్యమధ్యలో ‘4 ఎల్ జి’.

ఇక్కడ నా వృత్తి నన్ను కాపాడింది. అను ఫాంట్లో టైప్ చేసిన తెలుగు ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే ఏం కనపడుతుంది? పిచ్చి గీతలు, ఇంగ్లీషు గుర్తులు. చూసినవాళ్లు ఫైల్ పాడైందంటారు. అది పాడవ్వదు, చదివే పద్ధతి వేరు, అంతే. ఇరవై ఏళ్లుగా ఇలాంటి ఫైళ్లను ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వడం నా పని. పాడైన ఫైల్లో ఒకే గుర్తు అంత క్రమంగా తిరిగి రాదు. మేనల్లుడికి ఫోన్ చేసి చదివి వినిపిస్తే వెంటనే చెప్పాడు. ‘అది తెలుగే అత్తా. మెయిల్లో తెలుగు అక్షరాలని బేస్ 64 అనే పద్ధతిలో మార్చి పంపుతారు. తెలుగు అక్షరం ఏదైనా అలా మారిస్తే 4 ఎల్ సి తోనో, 4 ఎల్ జి తోనో మొదలవుతుంది.’

ఆ ఎంఎస్‌ఎఫ్ ఫైల్ గురించి కూడా అప్పుడే తెలిసింది. అది విషయసూచిక లాంటిది. ఏ మెయిల్ ఎక్కడుందో గుర్తుకోసం థండర్‌బర్డ్ తనకోసం రాసుకునేది. అది పోయినా మళ్లీ రాసుకుంటుంది. అసలు పుస్తకం ఎక్స్‌టెన్షన్ లేని ఆ పెద్ద ఫైలే. అంటే ఆ కుర్రాడు విషయసూచిక చూసి, అర్థం కాక, పుస్తకం చిరిగిపోయిందని చెప్పి ఐదు వందలు తీసుకున్నాడు. తెలియనప్పుడు తెలియదని చెప్పడానికి నామోషీ ఎందుకు? ‘పోయింది’ అని చెప్పాక డిస్క్ పక్కన పడేసేవాళ్లు, తుడిచేసేవాళ్లు ఎంతమంది ఉంటారో.

ఇక పెట్టే పద్ధతి. పాత ఫోల్డర్‌ని తెచ్చి పక్కన పెడితే థండర్‌బర్డ్ దాని వైపు చూడదు. ఏ ప్రొఫైల్ (మన మెయిళ్లు, అడ్రస్ బుక్, సెట్టింగులు అన్నీ ఉండే ఫోల్డర్) తెరవాలో ‘ప్రొఫైల్స్ డాట్ ఐఎన్‌ఐ’ లాంటి చిన్న ఫైళ్లలో రాసి ఉంటుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు కొత్త ప్రొఫైల్ పేరే అక్కడ ఎక్కుతుంది. షాపులో ఖాళీగా రావడానికి కారణం అదే. కాబట్టి ముందు థండర్‌బర్డ్ పూర్తిగా మూసేయాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో థండర్‌బర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, హైఫన్, పి కొట్టాలి. ప్రొఫైల్ మేనేజర్ వస్తుంది. అందులో కొత్త ప్రొఫైల్ అని చెప్పి, ‘చూజ్ ఫోల్డర్’ నొక్కి పాత ఫోల్డర్ చూపించాలి.

నేను మొదటిసారి చూపించింది తప్పు ఫోల్డర్. జిప్ విప్పితే ఒక ఫోల్డర్లో ఇంకోటి, దాన్లో ఇంకోటి వచ్చాయి. పైదాన్ని చూపిస్తే మళ్లీ ఖాళీ అకౌంటే వచ్చింది. ఏ ఫోల్డర్ తెరవగానే ‘ప్రిఫ్స్ డాట్ జేఎస్’ అనే ఫైల్, ‘మెయిల్’ అనే ఫోల్డర్ నేరుగా కనపడతాయో అదే అసలుది. మామూలుగా దాని పేరు అర్థం లేని ఎనిమిది అక్షరాలు, అంకెలతో మొదలై ‘డిఫాల్ట్ రిలీజ్’ అని ముగుస్తుంది. జిప్ విప్పిన దాన్ని సి డ్రైవ్‌లో కాపీ చేసుకుని ఆ కాపీనే వాడండి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. నేను ఎన్ని తప్పులు చేసినా ధైర్యంగా ఉన్నది జిప్ అలాగే ఉంది కాబట్టే.

సరైన ఫోల్డర్ చూపించాక ఇంకో గోడ. ‘మీరు థండర్‌బర్డ్ పాత వెర్షన్ తెరిచారు’ అని ఒక కిటికీ. కొత్త ప్రొఫైల్ సృష్టించు, లేదా బయటికి పో, ఈ రెండే దారులు. మొదటిది నొక్కితే మళ్లీ ఖాళీ. ఆ రోజు సాయంత్రమంతా దీంతోనే పోయింది. షాపువాళ్లు ఎప్పటిదో సెటప్ ఫైల్ పెన్‌డ్రైవ్ నుంచి వేశారు. నా బ్యాకప్ అంతకంటే కొత్త వెర్షన్‌తో వాడినది. కొత్త వెర్షన్ ప్రొఫైల్‌ని పాత వెర్షన్ తెరవదు, పాడవుతుందని. థండర్‌బర్డ్ సొంత సైట్ నుంచి తాజాది దించి పాతదాని మీదే వేశాను. అది ఉచితమే, మొదటి వెర్షన్ వచ్చిన 2004 నుంచీ అంతే. ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచీ తీసుకోవాల్సిన పనిలేదు.

నిన్న రాత్రి ఎడమ పక్కన నా ఫోల్డర్ల పేర్లన్నీ ఒక్కసారిగా వచ్చాయి. పాస్‌వర్డ్ కూడా అడగలేదు. అది కూడా ప్రొఫైల్‌తోనే వచ్చేసింది. అడ్రస్ బుక్ వచ్చింది. కానీ ఇన్‌బాక్స్ నొక్కితే సున్నా. గుండె జారిపోయింది. మేనల్లుడు లైన్లోనే ఉన్నాడు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ‘రిపేర్ ఫోల్డర్’ అన్నాడు. అది నొక్కితే పాత సూచిక తీసేసి కొత్తది రాసుకుంటుంది. ఆరేడు నిమిషాలు పట్టింది. తర్వాత ఒక్కొక్కటిగా రాలేదు, వేలకొద్దీ ఒకేసారి వచ్చాయి.

నేను మొదట వెతికింది ఉగాది పుస్తకం దిద్దుబాట్లు కాదు. నా దగ్గర నాలుగు పుస్తకాలు వేయించుకున్న ఒక పెద్దాయన ఉండేవారు. ఇప్పుడు లేరు. ఆయన ప్రతి ప్రూఫుకీ అరసున్నల గురించి, కామాల గురించి రెండు పేజీల ఉత్తరం రాసేవారు. చివర ‘అమ్మా, విసుక్కోకు’ అని ఉండేది. నలభై ఒక్క ఉత్తరాలు. అన్నీ ఉన్నాయి. ఆయన కొడుకు దగ్గర కూడా అవి లేవు.

సంక్రాంతి తర్వాత వచ్చినవి మాత్రం కొన్ని పోయాయి. ప్రొఫైల్ తెరుచుకోగానే చివరి 14 రోజుల మెయిళ్లు సర్వర్ నుంచి వాటంతటవే దిగాయి. మధ్యలో ఐదు వారాలు ఖాళీ. పొద్దున్నుంచి అందరికీ ఫోన్లు చేసి ‘సెంట్’ ఫోల్డర్లోంచి మళ్లీ పంపమంటున్నాను. ఇప్పటికి పదకొండు మంది పంపారు. కథల పుస్తకం రచయిత్రి మధ్యాహ్నంలోపే అన్నీ పంపారు, ఆవిడకి నేను జన్మలో మరిచిపోలేనంత రుణపడ్డాను.

బయటికి వెళ్లినప్పుడు దారిలో ఆ షాపు దగ్గర ఆగి, తిరిగొచ్చిన మెయిళ్లకి ఫోన్లో తీసిన ఫోటో చూపించాను. ‘ఏదో లక్ మేడమ్’ అన్నాడు. లక్ కాదని, ఎంఎస్‌ఎఫ్ అంటే ఏంటో, ఇన్‌బాక్స్ ఫైల్ అంటే ఏంటో అక్కడున్న అందరి ముందూ వివరంగా చెప్పాను. నా ఐదు వందలు తిరిగివ్వమని కూడా అడిగాను. ఇవ్వలేదు.

సాయంత్రం తాజా బ్యాకప్ తీద్దామని 32 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే, ఖాళీ చోటు బోలెడున్నా, ఇన్‌బాక్స్ ఫైల్ మరీ పెద్దదని కాపీ చేయలేదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఒక్కటి కూడా అందులో పట్టదు. అక్కడ ‘స్కిప్’ నొక్కి వెళ్లిపోతే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, ఇన్‌బాక్స్ ఒక్కటే ఉండదు. పెన్‌డ్రైవ్‌ని అంత పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసి, థండర్‌బర్డ్ మూసి, మళ్లీ మొదలుపెట్టాను. ఇది రాస్తుంటే పక్కన కాపీ అవుతూనే ఉంది. ఇంకా పన్నెండు నిమిషాలు చూపిస్తోంది. అది అయ్యాక కథల పుస్తకం మూడో ప్రూఫు పంపాలి.