నూరు అఫిడవిట్లు, 30 రోజులు: పార్టీ రిజిస్ట్రేషన్‌తో మా అనుభవం

నిన్ననే మా దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో ఢిల్లీ పోయింది. కోపం సల్లారకముందే రాస్తున్న. పార్టీ పెడదామనుకునే పోరగాళ్లకు మొదటి మాట: జెండా, పాట, ఫ్లెక్సీ తర్వాత. ముందు తేదీ చూసుకోండ్రి.

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951, సెక్షన్ 29ఎ ప్రకారం పార్టీ పుట్టిన 30 రోజుల్లోపల దరఖాస్తు ఎన్నికల సంఘానికి ఇయ్యాలె. గడువు దాటితే మాఫీ లేదు. మేము నల్లగొండల మీటింగ్ పెట్టి, ఆవిర్భావ తేదీ ఫ్లెక్సీ మీద కొట్టించి, అప్పుడు కాగితాలు ఎతుక్కున్నం. ఆ తేదీ మురిగిపోయింది. మళ్లీ సమావేశం, మళ్లీ తీర్మానం.

దరఖాస్తు రుసుం 10,000 రూపాయల డీడీ ఒక్క పూట పని. పార్టీ నిబంధనావళి కూడా పెద్ద బాధ గాదు. రాజ్యాంగానికి, సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్యాలకు విధేయత అన్న వాక్యం చట్టంలో ఉన్నది ఉన్నట్టే దింపుండ్రి, సొంత కవిత్వం వద్దు. ఐదేండ్లకు మించకుండా సంస్థాగత ఎన్నికలు, రిజిస్ట్రేషనైన ఐదేండ్లల్ల పోటీ చేస్తమన్న మాట ఉండాలె.

మమ్మల్ని ఏడిపించింది నూరుమంది సభ్యుల అఫిడవిట్లు. ప్రతి ఒక్కరూ ఓటరై ఉండాలె, ఇంకే రిజిస్టర్డ్ పార్టీల సభ్యుడు గానని ప్రమాణం చెయ్యాలె. ఓటరు కార్డుల ఇంటిపేరు ముందుంటే ఆధార్‌ల చివరికుంది. చదువుకోను పోయినోడు ఓటు ఎల్బీ నగర్‌కు మార్చుకున్నడు, మేము మునుగోడు అని టైపు చేసినం. కొందరి పార్టు నంబరు, వరుస నంబరు పాత ఓటరు జాబితావి. జాబితా సవరించినప్పుడల్లా అవి మారొచ్చు, కొత్తది చూసే రాయాలె. అన్నిటికన్నా గమ్మత్తు, ప్రమాద బీమా వస్తదని ఎన్నడో పెద్ద పార్టీ సభ్యత్వం తీసుకున్నోళ్లు ఆరుగురు తేలిండ్రు. ముందు అక్కడ రాజీనామా ఇచ్చి, దాని నకలు దాసుకోవాలె.

నోటరీ దగ్గర ఇజ్జత్ పోయింది. "మనుషులు అక్కర్లే, కాగితాలు పెట్టి పోండ్రి" అన్నడు, నమ్మినం. తిరిగొచ్చిన వాటిల్ల కొన్నింటి మీద రిజిస్టరు నంబరే లేదు. అడిగితే నలుగురి ముందల "పేర్లు సక్కగ రాయరాదు, మీకు పార్టీ ఎందుకురా" అని కసిరిండు. తప్పు ఆయనది, తిట్లు మాకు! మనిషి ఎదురుంగ నిలబడి సంతకం పెట్టకుంటే సీలు ఎయ్యని నోటరీ దగ్గరికే పోండ్రి, రెండు రూపాయలు ఎక్కువైనా సరే.

ఇప్పుడైతే నేను ఇట్ల చేస్త: 120 మంది ఓటరు వివరాలు సరిచూసి, అఫిడవిట్లు టైపు చేయించి, తేదీ ఖాళీ ఉంచి, అప్పుడు ఆవిర్భావ సమావేశం. ఆ వారంలనే సంతకాలు.

రిజిస్టరైనా గుర్తింపు (ఎన్నికల్ల తగినన్ని ఓట్లు, సీట్లు వస్తే సంఘం ఇచ్చే హోదా) వచ్చినట్టు గాదు. మన అభ్యర్థికి నామినేషన్ మీద సంతకం పెట్టే ప్రతిపాదకులు పదిమంది కావాలె, గుర్తింపు పొందిన పార్టీకి ఒక్కడు చాలు. పోటీకి ఇట్ల కట్టుదిట్టం చేసుట్ల మన జిల్లా చెయ్యి కూడా ఉంది. 1996ల ఫ్లోరైడ్ గోస చెప్పను నల్లగొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డరు. ఆ యేడే పార్లమెంటు డిపాజిట్ 500 నుంచి 10,000కు పెంచిండ్రు, ఇప్పుడది 25,000. పోటీ చెయ్యకుండ పేరు మీదనే ఉంటమంటే కూడా నడవదు: 2025 ఆగస్టుల 334 పార్టీలను జాబితాలకెల్లి తీసేసిండ్రు.

ఇగ మిగిలింది ప్రకటనలు. సంఘం చెప్పినంక, మా పార్టీ పేరు మీద అభ్యంతరాలుంటే చెప్పుండ్రని రెండు జాతీయ, రెండు స్థానిక దినపత్రికల్ల రెండేసి రోజులు ఎయ్యాలె, 30 రోజులు అభ్యంతరాలకు ఆగాలె. ఆ పైసలు మా దగ్గర ఇంకా లేవు. ఫ్లెక్సీలకు పెట్టినం.