పిడికెడు బియ్యం, ముక్క పురుగులు

23 ఆగస్టు 2025, శనివారం

పొద్దున లేచేసరికే ముసురు. నాలుగో శనివారం అంటే మా చర్చిలో స్త్రీల సమాజం వాళ్లం పిడికెడు బియ్యం తూకం వేసే రోజు. ఈ వానలో ఎవరొస్తారులే అనుకుంటూ తొమ్మిదింటికి హాలు తాళం తీయడానికి వెళ్తే, ఇద్దరు పెద్దమ్మలు అప్పటికే వరండాలో కూర్చొని టీ తాగుతున్నారు. రావలసిన వయసు వాళ్లు మాత్రం పదిన్నర దాకా రాలేదు. మా దగ్గర ఎప్పుడూ ఇంతే.

పిడికెడు బియ్యం పెద్ద పథకమేం కాదు. వండుకోవడానికి కొలిచి తీసిన బియ్యంలోంచి, కడగకముందే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయాలి. పూటకో పిడికెడు. నెలాఖరుకు ఆ డబ్బా చర్చికి తేవాలి. ఒక్క మా మెథడిస్టుల్లోనే కాదు, తెలుగు సంఘాలు చాలావాటిలో ఈ అలవాటు ఉంది. మా అమ్మ కాలంలో ఆ బియ్యం అమ్మి డబ్బు చర్చి ఖర్చుల్లో కలిపేవాళ్లు. ఇప్పుడు అమ్మడం మానేసి, అవసరం ఉన్న ఇళ్లకే నేరుగా ఇస్తున్నాం. కమిటీలో దీని మీద కొంత సణుగుడు ఉంది. చర్చికి సున్నాలు ఎవరేస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు అని. ఆ బాధ నిజమే. కానీ వేరే ఇంట్లో పొయ్యి వెలగాలని ఒకావిడ తీసిపెట్టిన బియ్యంతో సున్నం కొనడం నాకెందుకో మనసొప్పదు.

ఈసారి డబ్బాల మూతలు తీయగానే పురుగులు. ఒకటీ అరా అయితే ఏరేయొచ్చు. ఇవి చాటలో పోయగానే నల్లగా పాక్కుంటూ అంచుల మీదికి ఎక్కుతున్నాయి. బియ్యపు గింజ సగం పొడవుంటుందేమో ఒక్కో ముక్క పురుగు. గింజలు చేతిలోకి తీసుకొని చూస్తే సూదితో పొడిచినట్టు బొక్కలు.

"ఏంది బిడ్డా, ఈసారి గింతగనం పురుగులున్నయ్?" అంది పెద్దమ్మ.

ఎందుకుండవు? జూన్‌లో మూడు నెలల రేషన్ ఒకేసారి ఇచ్చారు. మనిషికి నెలకు 6 కిలోల లెక్కన నలుగురున్న ఇంటికి 72 కిలోలు. రేకుల ఇంట్లో, ఒక్క గదిలో, వానాకాలం మొత్తం ఆ బస్తాలు గోడకు ఆనుకొని ఉంటే తేమ పట్టకుండా ఎలా ఉంటాయి? వేపాకు వేసినవాళ్లవి కాస్త నయం. ఒకావిడ ఎండు మిరపకాయలు వేసింది. ఆ డబ్బా మూత తీయగానే అందరికీ తుమ్ములు.

ఎండబెడదామంటే ఎండ లేదు. హాలులో ఫ్యాన్ల కింద పాత చీరలు పరిచి బియ్యం పల్చగా పోశాం. చాటలతో కొందరు, జల్లెడలతో కొందరు కూర్చున్నాం. ఈ పని నాకు ఇష్టం. చేతులు పనిలో ఉంటే నోళ్లు తెరుచుకుంటాయి. ఎవరి కోడలికి ఎన్నో నెల, ఎవరి అబ్బాయి ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాడు, ఎవరు మందులు కొనలేక రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు, అన్నీ అక్కడే బయటపడతాయి. వచ్చే నెల ఎవరికి బియ్యం కావాలో దరఖాస్తు రాసి ఎవరూ ఇవ్వరు. చాట కొడుతున్నప్పుడు పక్కావిడ అనే మాటలోంచి తెలియాలి.

ఉగాది ముందు వరకూ ఇంకో తంటా ఉండేది. రేషన్‌లో దొడ్డు బియ్యం వచ్చేది. ఉన్నవాళ్ల డబ్బాల్లో సోనా మసూరి, లేనివాళ్ల డబ్బాల్లో దొడ్డు బియ్యం. కలిపేస్తే అన్నం సరిగ్గా రాదు. సన్నవి మెత్తబడిపోయినా దొడ్డువి పలుకు మీదే ఉంటాయి. అందుకని రెండు కుప్పలు పోసేవాళ్లం. ఎవరిది ఏ కుప్పో అందరికీ కనిపించేది. డబ్బా చీరకొంగు కింద దాచుకొని వచ్చి, గబగబా పోసేసి వెళ్లిపోయేవాళ్లు ఉండేవారు. ఆ బియ్యంలో కలిపే ఫోర్టిఫైడ్ గింజలు చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరిపారేసేవాళ్లు కూడా. వాటిని విటమిన్ల కోసం కలుపుతారని ఎన్నిసార్లు చెప్పినా పెద్దమ్మ నమ్మలేదు. మొన్న ఏప్రిల్ నుంచి రేషన్ షాపుల్లోనూ సన్న బియ్యమే. ఇప్పుడు ఒకటే కుప్ప. ప్రభుత్వం ఏ ఉద్దేశంతో ఇచ్చినా, మా హాలులో మాత్రం దానివల్ల కొందరి తలలు పైకి లేచాయి.

పాస్టరమ్మ గారు పదకొండింటికి వచ్చి జల్లెడ అందుకున్నారు. ఆమెకు మా మెథడిస్టు శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ గారి సంగతులు చెప్పడం సరదా. 1785 జనవరిలో, 81 ఏళ్ల వయసులో, లండన్ పేదలకు ఏటా ఇచ్చే బొగ్గులూ రొట్టెలూ సరిపోవు, బట్టలు కూడా కావాలని ఆయన ఇంటింటికీ తిరిగి అడుక్కున్నారట. వీధుల్లో కరిగే మంచు చీలమండల దాకా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాదాలు ఆ మంచునీళ్లలోనే. అలా ఐదు రోజుల్లో 200 పౌండ్లు పోగుచేసి, తర్వాత జబ్బు పడ్డారు.

పెద్దమ్మ చాట ఆపి మొత్తం విన్నది. "ఎనభై ఒక్క ఏండ్లకు మంచుల తిరిగిండా? మనోళ్లు గీ ముసురుకే రాకపాయె" అంది. అప్పుడే చెప్పులు విప్పుతూ లోపలికొస్తున్న మా వదిన ముఖం చూడాలి.

మధ్యలో ఫొటో గొడవ. కమిటీలో ఒక పెద్దమనిషి చాలాకాలంగా పట్టుబడుతున్నాడు. బియ్యం ఇచ్చేటప్పుడు ఫొటోలు తీసి చర్చి గ్రూపులో పెడితే ఇచ్చేవాళ్లు పెరుగుతారని, పై చర్చి సభ అయిన కాన్ఫరెన్సుకు పంపే రిపోర్టులో పనికొస్తాయని. తీసుకున్నవాళ్ల పేర్లు ఆదివారం ప్రకటనల్లో చదివితే లెక్క కూడా స్పష్టంగా ఉంటుందని. మనిషి చెడ్డవాడు కాదు, పైగా పప్పు, నూనె ఆయన ఖర్చే. ఇవాళ ఫోన్ చేసి, "అమ్మా, కనీసం మూటల ఫొటో అయినా తీయండి" అన్నాడు. మూటల ఫొటో తీసి పంపాను. మనుషులది పంపను.

ఇచ్చేవాళ్లు పెరగాలంటే ఫొటోలు కావాలన్న మాట నాకు ఎక్కదు. 1869లో బోస్టన్‌లో మెథడిస్టు స్త్రీలు ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నప్పుడు వాళ్ల నినాదం "వారానికి రెండు సెంట్లు, ఒక ప్రార్థన". ఆ మరుసటి ఏడాది జనవరికల్లా వాళ్లు పంపిన ఇద్దరు మన దేశంలో దిగారు. ఇసబెల్లా థోబర్న్ లక్నోలో ఆడపిల్లల బడి పెట్టింది. డాక్టర్ క్లారా స్వైన్ బరేలీలో వైద్యం మొదలుపెట్టింది. ఈ ఇద్దరి పేర్లు చరిత్రలో ఉన్నాయి. రెండేసి సెంట్లు ఇచ్చిన ఆడవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? ఇచ్చినవాళ్లకే పేరు అక్కర్లేకపోతే, తీసుకున్నవాళ్ల పేరు మైకులో చదవడం ఏం న్యాయం? పెద్దమనిషితో ఇదంతా ఫోన్‌లో అనలేదు. పప్పు ఆయన ఇస్తున్నాడు కదా.

పాస్టరమ్మ గారు పెట్టిన ఇంకో నియమం నాకు నచ్చుతుంది. మూటలో కరపత్రం పెట్టకూడదు. వాళ్లు అడిగితేనే ప్రార్థన చేయాలి, అడగకపోతే క్షేమం కనుక్కొని వచ్చేయాలి. మా జాబితాలో చర్చికి రానివాళ్లే ఎక్కువ. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ముసలాయన ఉన్నాడు. దర్గా వైపు సందులో ఒంటరిగా ఉండే ఒక అమ్మమ్మ ఉంది. బియ్యంతో మతం మారుస్తున్నారని ఎవరైనా అంటే చెప్పుకోవడానికని కాదు ఈ నియమం. ఆకలితో ఉన్న మనిషి, మనం ఏం చెప్పినా సరేననక తప్పని స్థితిలో ఉంటాడు. అలాంటప్పుడు చెప్పకుండా ఉండడమే మర్యాద.

మధ్యాహ్నం మూడింటికి వాన తెరిపిచ్చింది. ఆశా కార్యకర్తతో కలిసి ఒక టీబీ పేషెంటు ఇంటికి బయల్దేరాను. 2022 సెప్టెంబరులో టీబీ ముక్త్ భారత్ కార్యక్రమం మొదలైనప్పుడు నిక్షయ్ మిత్ర అని పెట్టారు. ఎవరైనా సరే, పేషెంటు ఒప్పుకుంటే, మందులు వాడినన్నాళ్లూ నెలనెలా తిండి సామాను ఇవ్వొచ్చు. ప్రభుత్వం పేషెంటు ఖాతాలో నెలకు 1000 రూపాయలు వేస్తుంది. 2024 నవంబరుకు ముందు అది 500. మందులు ఉచితం. కానీ మామూలు టీబీకి కూడా ఆరు నెలలు వాడాలి, ఆ మందులకు ఒళ్లు తట్టుకోవాలంటే తిండి ఉండాలి. మేం కట్టేది మూడు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, పావుకిలో నూనె, కిలో పల్లీలు. గుడ్లు వీలైనన్ని.

మా వికారాబాద్ వాళ్లకు టీబీ కొత్త మాట కాదు. అనంతగిరి కొండ మీద టీబీ ఆసుపత్రి ఉంది, గాలి మంచిదని నిజాం కాలంలో అక్కడ పెట్టారు. ఇప్పుడు అదే గాలి కోసం శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరుతాయి. ఇవాళ కూడా రోడ్డు దాటడానికి పది నిమిషాలు పట్టింది.

నడుస్తూ ఆశా అడిగింది, "మీరు మెదక్ చర్చోళ్లేనా అక్కా?" అని. అందరూ ఇదే అడుగుతారు. మెదక్ చర్చి కట్టింది కూడా మెథడిస్టులే, కాకపోతే ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ శాఖ. వాళ్లు 1947లో సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిసిపోయారు. మేం అమెరికా మెథడిస్టుల వైపు. మేం కలవలేదు, 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా మా కాళ్ల మీద మేం నిలబడ్డాం. ఇదంతా చెబితే ఆ అమ్మాయి, "మరి అది అన్నం పెట్టి కట్టిచ్చిన్రంట గద?" అంది. అవును, కరువు కాలంలో మిషనరీ పాస్నెట్ దొర ఊరికే పంచిపెట్టకుండా గుడి కట్టే పని ఇచ్చాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. వందేళ్ల కిందటి ఆ కూలీల మనవలు ఇప్పటికీ "మా తాత రాళ్లు మోసిండు" అని చెప్పుకుంటారు గానీ, "మా తాత అడుక్కున్నాడు" అని ఎవరూ అనరు. మా బియ్యం మూటకు ఆ సౌకర్యం లేదు. మేం ఇచ్చేటప్పుడు అవతలి మనిషి చేతిలో మాకివ్వడానికి పని ఏమీ ఉండదు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వదు.

ఆ ఇంటాయన ఆటో నడిపేవాడు. ఇప్పుడు నడపలేకపోతున్నాడు. అద్దె ఇల్లు. జబ్బు సంగతి ఇంటి ఓనరుకు తెలిస్తే ఖాళీ చేయమంటాడని భయం. అందుకే ఆశా యూనిఫాం చీర మార్చుకొని వచ్చింది, నేను సామాను బట్టల షాపు కవర్లో పెట్టాను. గుమ్మంలో ఎదురైన పక్కింటావిడతో "చీరలు చూపిద్దామని" అన్నాను. శనివారం పూట చీరలమ్మే వేషం. పావుగంట కూర్చున్నాం. మందులు వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తోందని ఆయన కంగారు పడుతున్నాడు. ఆ మందుకు అలాగే వస్తుందని, ఆపొద్దని ఆశా నచ్చజెప్పింది. బరువు కిలోన్నర పెరిగాడట. ఆ మాట చెప్పేటప్పుడు ముఖం వెలిగింది.

లేవబోతుంటే ఆయన భార్య లోపలికి వెళ్లి ఒక చిన్న స్టీలు డబ్బా తెచ్చింది. "మా పిడికెడు అక్కా. పొద్దుగాల తేలేకపోయిన" అంది. ఆవిడ చర్చికి వచ్చే మనిషే, ఏళ్లుగా బియ్యం తీసి పెడుతోంది. పోయిన నెల మేమిచ్చిన బియ్యంలోంచి కూడా తీసి పెట్టింది.

వద్దమ్మా అనబోయాను. ఆశా నా చెయ్యి నొక్కింది. తీసుకున్నాను. రిజిస్టరులో ఎడమ పేజీ ఇచ్చినవాళ్లది, కుడి పేజీ తీసుకున్నవాళ్లది. ఇంటికొచ్చాక ఆ ఇంటి నంబరు రెండు వైపులా రాశాను. కుడి పేజీలో మేం పేర్లు రాయం, నంబర్లే. ఎడమ పేజీలో రాస్తాం. ఆవిడ పేరు ఎడమవైపు పూర్తిగా రాశాను, ఇంటిపేరుతో సహా. ఆ డబ్బాలో పురుగు ఒక్కటి కూడా లేదు.

సాయంత్రం హాలు ఊడ్చి తాళం వేస్తుంటే గణేశుడి చందాకు పిల్లలు వచ్చారు, రశీదు పుస్తకం పట్టుకొని. బుధవారమే చవితి. "ఆంటీ, చర్చోళ్లు ఇయ్యరా?" అని ఒకడు అడిగితే పెద్దవాడు వాడి నెత్తిన ఒక్కటిచ్చాడు. చందా ఇవ్వలేదు గానీ, మిగిలిన మూటలు ఆటో దాకా మోయించాను. వాళ్ల మంటపం దగ్గర అన్నదానం రోజున పెద్ద గిన్నెలు కావాలట. చర్చిలో హార్వెస్ట్ (కోత) పండుగకు మేం వాడే డేగిశాలు ఉన్నాయి. అడిగి చెప్తానన్నాను. పాస్టరు అయ్యగారు ఒప్పుకుంటారు. కమిటీయే ఏమంటుందో.

మొత్తం తూకంలో పురుగు, నూక పోను కొద్దిగా తరుగు వచ్చింది. నూకలు కోళ్లున్నవాళ్లు తీసుకెళ్లారు. సెప్టెంబరు నుంచి రేషన్ మళ్లీ నెలనెలా ఇస్తారట, అప్పటికి బియ్యం కాస్త బాగుంటుంది. రేపు ఆరాధన అయ్యాక కమిటీ ఉంది, ఫొటోల సంగతి మళ్లీ వస్తుంది. పాస్టరమ్మ గారు ఊళ్లో ఉండరు, కాబట్టి నేనే మాట్లాడాలి. గుడ్లకు కూడా ఎవరినైనా అడగాలి.